గోరంత కొసరు, కొండంత బ్యాగు

పదమూడు వేల ఐదొందలు చెప్పిన లాప్‌టాప్‌ని తొమ్మిది వేల ఎనిమిదొందలకి దింపి, దాని మీద కొసరు కూడా రాబట్టిన మనిషిని నేను. ఏలూరు వన్‌టౌన్లో, కాలవ పక్క సందులో, పట్టపగలు, అందరూ చూస్తుండగా చేశానీ పని. కొసరుగా ఆ కొట్టాయన ముందు గోరంత ప్లాస్టిక్ ముక్క ఒకటి ఇవ్వబోయాడు. "ఇదా కొసరు?" అని దాన్ని బల్ల మీదే వదిలేసి, గోడకి వేలాడుతున్న నల్ల బ్యాగు దింపించాను. ఇద్దరు చంటిపిల్లల్ని కూర్చోబెట్టొచ్చు అందులో. దాన్ని భుజాన వేసుకుని బస్టాండుకి నడుస్తుంటే జనం పక్కకి తప్పుకున్నారు. గౌరవంతోనో, బ్యాగు తగులుతుందనో.

ఆ గోరంత ముక్క లేకపోతే లాప్‌టాప్‌కి ఇంటర్నెట్ రాదని నాకు తర్వాత తెలిసింది. తర్వాత అనడం కూడా అబద్ధమే. కొట్టాయన అప్పుడే చెప్పాడు. నేనే నమ్మలేదు.

ఎందుకు నమ్మలేదంటే, నేను తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్లో పెరిగినవాణ్ణి. నడక రాకముందే వీడికి తూకం వచ్చిందని మా నాన్నగారు చుట్టాలకి చెప్పుకునేవారు. మా కొట్లో కొసరు అంటే తూకం అయిపోయాక సంచిలో పడేసే రెండు పాయలు. అడిగి వేయించుకున్నవాడు పాత ఖాతా, అడక్కుండా వెళ్ళిపోయినవాడు ఊరికి కొత్త. దానికి ఒకటే రూలు: చేతికి బరువు తెలియాలి. చిన్న పాయ వేశామా, "ఇదేంటండీ, దిష్టి తియ్యడానికా?" అని ఆడవాళ్ళు నవ్వేవారు. పెళ్ళిచూపులకి వెళ్ళి కూడా కొసరు అడిగానని మా బావగారు, అంటే మా ఆవిడ అన్నయ్య, ఇప్పటికీ అందరికీ చెబుతాడు. అది అబద్ధం. నేను అడిగింది ఇంకో జంతిక.

పెళ్ళయ్యాక ఉల్లిపాయల ఊరు వదిలి కొల్లేరు పక్కకి వచ్చేశాను. కైకలూరు దాటాక మా అత్తవారి ఊళ్ళో బావగారితో కలిసి చేపల మేత కొట్టు నడుపుతున్నాను. ఆయనకి చెరువులు కూడా ఉన్నాయి. మా ఆవిడ మగ్గం పని చేస్తుంది. చెక్క ఫ్రేముకి గుడ్డ బిగించి, జరీతో, పూసలతో పెళ్ళి జాకెట్లకి డిజైన్లు కుడుతుంది. ఇన్నాళ్ళూ భీమవరంలో ఒక షాపు వాళ్ళు పని ఇస్తే చేసిపెట్టేది. కుట్టేది ఈవిడ, పేరు వాళ్ళది, డబ్బులో పెద్ద ముక్కా వాళ్ళదే.

మొన్న మొదటిసారి తణుకు నుంచి ఒక పెళ్ళికూతురి తల్లి నేరుగా ఈవిడకే ఫోన్ చేసింది. అయిదు జాకెట్లు. ఆదివారం పొద్దున్న పదింటికి వీడియో కాల్లో డిజైన్లు చూపించాలి. "ఫోన్లో వద్దమ్మా, కంప్యూటర్లో పెద్దగా చూపించు," అందిట ఆవిడ. "మా ఆడపడుచు కూతురి పెళ్ళికి ఫోన్లో చూసి ఒప్పుకుంటే, నెమళ్ళు బాతులై వచ్చాయి."

ఈ ఆర్డరు కుదిరితే మా ఆవిడ సొంత పేరు మీద మొదటి పెళ్ళి. కుదరకపోతే మళ్ళీ భీమవరం. అందుకని చీటీ పాట డబ్బులు పద్నాలుగు వేలు తీసి నా చేతిలో పెట్టింది.

"ఏలూరు మెయిన్ రోడ్డు మీద పెద్ద షాపులో అడిగానండీ. వాడిన లాప్‌టాపే, పద్నాలుగు వేలు. విండోస్ వేసిస్తారు, ఏడాది వారంటీ. అక్కడికే వెళ్ళండి, అదే కొనండి, బేరం ఆడకండి."

మొదటి రెండు మాటలూ నాకు వినపడ్డాయి. మూడోది కూడా వినపడింది కానీ, నాతో అన్న మాటలా అనిపించలేదు.

పెద్ద షాపులో ధర కాగితం మీద అచ్చు వేసి అంటించారు. అచ్చు వేసిన ధరతో ఎవరు మాట్లాడతారు? బయటికొచ్చి, నడుచుకుంటూ కాలవ పక్క సందులోకి వెళ్ళాను. అక్కడ పాత లాప్‌టాప్‌లు అమ్మే చిన్న కొట్టు. గల్లా దగ్గర కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకున్న పెద్దాయన. ఆయన్ని చూడగానే ఇంటికి వచ్చినట్టు అనిపించింది.

"పదమూడున్నరండి. ఇందులో విండోస్ లేదు, లైనక్స్ వేశాను."

"దానికెంత?"

"ఊరికేనండి."

"ఊరికే అంటే?"

"ఫ్రీ అండి. లోకం మొత్తానికీ ఫ్రీయే."

బేరానికి చోటు లేని ధర వినడం నా బతుకులో అదే మొదలు. సంతోషం వేసింది, కొంచెం దిగులు కూడా వేసింది.

ఆయన మూత తెరిచి ఇంటర్నెట్ పెట్టి చూపించాడు. ఎవరో ఆవిడ గోంగూర నూరుతున్న వీడియో చక్కగా ఆడింది. లాప్‌టాప్ పక్కన ఒక చిన్న ముక్క గుచ్చి ఉంది, దాని మీద నీలం లైటు మినుకుమంటోంది. నేను దాన్ని చూడలేదు, గోంగూర చూశాను. ఆ తర్వాత బేరం మొదలైంది. వెళ్ళిపోతున్నట్టు మెట్లు దిగాను, ఆయన పిలిచాడు. మళ్ళీ దిగాను, మళ్ళీ పిలిచాడు. తొమ్మిది వేల ఎనిమిదొందల దగ్గర ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మా నాన్నగారి లెక్కలో దానర్థం, ఇక దిగదు అని.

"సరే, కొసరు?" అన్నాను.

ఆయన లాప్‌టాప్ పక్కన గుచ్చి ఉన్న ఆ ముక్కని పీకి నా ముందు పెట్టాడు. "ఇది పట్టుకెళ్ళండి. దీంతోనే నెట్ పడుతుంది. లాప్‌టాప్ లోపలి వైఫై కార్డు లైనక్స్‌తో సరిగ్గా కలవదండి."

నేను లాప్‌టాప్ కింద స్టిక్కర్ చూశాను. వైఫై ఉందని దాని మీద స్పష్టంగా రాసుంది. ఓహో, గోరంత ముక్కతో సరిపెట్టడానికి కథ చెబుతున్నాడు అనుకున్నాను. మా కొట్లో మేమూ చెప్పేవాళ్ళం, చిన్న పాయకే ఘాటెక్కువని.

"అది మీరే ఉంచుకోండి. ఆ బ్యాగు ఇప్పించండి."

"నిజంగానాండి?"

"నిజంగానే."

"మీ ఇష్టం," అని బ్యాగు దింపి దుమ్ము దులిపి ఇచ్చాడు. ఆ దులపడంలో ఒక జాలి ఉంది. అప్పుడు నాకది ఓటమిలా కనిపించింది, ఆయనది.

ఇంటికొచ్చి మిగిలిన నాలుగు వేల రెండొందలూ మా ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ డబ్బు వంక చూడలేదు, బ్యాగు వంక చూసింది. "ఇందులో ఇంకేం ఉన్నాయండీ?" అంది. ఏమీ లేవన్నాను. అదే దాని గొప్పతనం అన్నాను.

శుక్రవారం పొద్దున్న కాఫీలయ్యాక హాల్లో బల్ల మీద పెట్టి మూత తీశాను. తెర వెలిగింది, బొమ్మలొచ్చాయి, ఏదో గంట కూడా మోగింది. ఇంటర్నెట్ గుర్తు ఉండాల్సిన మూల మాత్రం ఖాళీ. సెట్టింగుల్లోకి వెళ్ళి వైఫై మీద నొక్కితే, వైఫై అడాప్టర్ ఏదీ కనపడలేదని ఇంగ్లీషులో మర్యాదగా చెప్పింది.

"రౌటరు అదిగో, మీ నెత్తి మీదే ఉంది కదండీ," అంది మా ఆవిడ.

"రౌటరు కాదు. ఆ సిగ్నల్ని పట్టుకునే కార్డు దీని లోపల ఉంటుంది. అది కనపడటం లేదంటోంది."

"లేకపోవడమా, కనపడకపోవడమా?"

"స్టిక్కర్ మీద ఉందని రాసుంది."

"అయితే ఆదివారం తణుకు వాళ్ళతో స్టిక్కర్ని మాట్లాడమనండి."

అప్పుడే ఏలూరు ఫోన్ చేసుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ బేరం ముగిశాక కొన్నవాడు ఫోన్ చేశాడంటే ఓడిపోయాడని అర్థం. అదీ కాక లైనక్స్ ఫ్రీ. ఫ్రీగా వచ్చినదాన్ని ఫ్రీగానే బాగుచెయ్యాలని ఒక పట్టుదల వచ్చేసింది. ఫోన్లో వీడియోలు పెట్టుకుని, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు లాప్‌టాప్ నల్ల తెర మీద కొట్టడం మొదలుపెట్టాను.

మొదటి గండం పాస్‌వర్డు దగ్గరే వచ్చింది. ముఖ్యమైన పని ఏది చెప్పినా ముందు "సుడో" అని కొట్టాలి, అప్పుడది పాస్‌వర్డు అడుగుతుంది. కొడుతుంటే తెర మీద ఏమీ కనపడదు. చుక్క కూడా పడదు. కీబోర్డు పోయిందనుకుని గట్టిగా కొట్టాను, బోర్లించి దులిపాను. చివరికి అర్థమైంది, అది అంతేనట, ఎవరూ చూడకుండా. వెనకటికి మా గూడెం బజార్లో పెద్ద వ్యాపారులు తువ్వాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు నొక్కి ధర చెప్పుకునేవారు. పక్కనున్నవాడికి తువ్వాలు కదలడం తప్ప ఏమీ తెలిసేది కాదు. ఆ సంగతి గుర్తు రాగానే లైనక్స్ మీద నాకు మనసు కలిసింది. ఇది మనవాళ్ళ సరుకే అనుకున్నాను.

తువ్వాలు కింద బేరం కుదిరాక, లోపల ఏమేం ఉన్నాయో చెప్పమన్నాను. పెద్ద జాబితా ఇచ్చింది. అందులో కార్డు పేరుంది! "ఉంది! ఉంది!" అని అరిచాను. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఎక్కడా అంటే పేరు చూపించాను. ఆవిడ కాసేపు ఆ పేరుని చూసి, "సరే, లేపండి మరి," అని వెళ్ళిపోయింది.

అది లేవలేదు. ఎక్కడైనా స్విచ్చి ఆపేసి ఉందా అని అడిగితే లేదంది. విమానం మోడ్లో ఉన్నావా అంటే లేనంది. ఏ తప్పూ ఒప్పుకోదు, పనీ చెయ్యదు. మా మేత కొట్లో ఇలాంటి గుమస్తా ఒకాయన ఉండేవాడు. మధ్యాహ్నానికి అసలు సంగతి తెలిసింది. కార్డు ఉంది కానీ, దానికీ లైనక్స్‌కీ మధ్య మాట్లాడిపెట్టే డ్రైవర్ అనే ఫైలు లేదు. ఆ కార్డు చేసినవాళ్ళు దాన్ని అందరిలా ముందే కలిపి ఇవ్వరట, విడిగా తెచ్చుకోవాలి. ఎక్కణ్ణుంచి? ఇంటర్నెట్ నుంచి. ఇంటర్నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ కావాలంటే ఇంటర్నెట్ రావాలి. కొట్టు తాళంచెవి గల్లాపెట్టెలో పెట్టి, బయట తాళం నొక్కేసిన పరిస్థితి.

అప్పుడు బావగారు వచ్చాడు. ఆయనకి లోకంలో జబ్బులన్నిటికీ చెరువులోనే మందుంది.

"బావగారూ, ఆక్సిజన్ తక్కువైందేమో చూశారా?"

"ఇది చేప కాదండీ."

"ఏదైనా అంతేనండి. గాలాడకపోతే తేలిపోతుంది." టేబుల్ ఫ్యాన్ తెచ్చి లాప్‌టాప్ వైపు తిప్పి, కాసేపు చూశాడు. "పోనీ కాస్త సున్నం..."

"అన్నయ్యా!" అని లోపల్నుంచి మా ఆవిడ.

"ఊరికే అన్నానే చెల్లాయ్." ఆయన చూపు నల్ల బ్యాగు మీద పడింది. "ఇది ఖాళీయేనా? కొత్త మేత శాంపిళ్ళు వచ్చాయి, పెట్టుకోనా?" సరేనన్నాను. ఎవరికో ఒకరికి నా కొసరు పనికొస్తోందని లోలోపల పొంగిపోయాను కూడా.

వెళుతూ వెళుతూ ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. ఫోన్ని కేబుల్‌తో లాప్‌టాప్‌కి తగిలిస్తే ఫోన్లోని నెట్ దానికి వెళుతుందని నేను వీడియోలో చూశాను. కానీ మా ఇంట్లో ఫోన్ సిగ్నల్ మాటలకే సరిపోతుంది, నెట్ పట్టదు. "మా చెరువు గట్టు మీద నాలుగు గీతలుంటుందండీ. రేపు పొద్దున్న రండి."

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఇంట్లో వైఫై పట్టిన ఫోన్నే అలా తగిలించినా సరిపోయేదని నాకు తరవాత తెలిసింది. గట్టు దాకా వెళ్ళక్కర్లేదు. ఈ సంగతి మా ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

శనివారం పొద్దున్న కొట్టు మూసేసి గట్టు మీదికి వెళ్ళాం. అక్కడ కాపలా మనిషి ఉండే రేకుల షెడ్డు ముందు, మేత బస్తా మీద కూర్చుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాను. ఫోన్ తగిలించాను. ఒక్క క్షణంలో మూల గుర్తు వెలిగింది! నెట్ వచ్చింది. డ్రైవర్ తెచ్చుకొమ్మని చెప్పాను. తువ్వాలు కింద పాస్‌వర్డు. తెర కింద, ఎంత వచ్చిందో చూపించే గీత పాకడం మొదలైంది. దానితోపాటు బ్యాటరీ కూడా తగ్గడం మొదలైంది, అదీ గీత కంటే వేగంగా. బ్యాటరీ అంత పాతదని బేరంలో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. గీత గెలుస్తుందా బ్యాటరీ గెలుస్తుందా అని కళ్ళార్పకుండా చూస్తున్నాను.

చెరువులో గూడబాతులు దిగాయి. వాటి ముక్కు కింద సంచి ఉంటుంది, ఒక్కోటి ఒక్కో పూట ఎన్ని చేపల్ని సంచిలో వేసుకుంటుందో బావగారికి తప్ప ఎవరికీ తెలియదు. చట్టం కాపాడే పక్షులవి, వాటిని ఏమీ అనకూడదు, చప్పుడు చేసి తోలుకోవాలి. బావగారు ఎంతో మర్యాదగా అడిగాడు:

"బావగారూ, ఒక్క టపాకాయ కాల్చుకుంటానండీ?"

"ఆఁ," అన్నాను గీత వంక చూస్తూ.

ఢామ్మన్న చప్పుడుకి నేను లేచిన ఎత్తు అందరూ ఒప్పుకున్నదే. లాప్‌టాప్‌ని గుండెకి కరుచుకున్నాను, అది దక్కింది. కేబుల్ చివర ఉన్న ఫోన్ గాల్లో ఒక చుట్టు తిరిగి గట్టు మీద పడింది. నా కాలు తగిలి టపాకాయల డబ్బా చెరువులోకి దొర్లింది. గూడబాతులు లేచాయి, ఒక రౌండు తిరిగాయి, మళ్ళీ అక్కడే వాలాయి. పూర్తిగా ఎగిరిపోయింది నా ఫోనొక్కటే.

తీసి చూస్తే కేబుల్ మూతి విరిగి ఫోన్లోనే ఉండిపోయింది. గీత ఆగిపోయింది. "సగం వేశాను, మిగతాది దొరకలేదు" అన్నట్టు ఎర్రక్షరాల్లో ఏదో రాసి, బ్యాటరీ కూడా సెలవు తీసుకుంది.

"ఆక్సిజన్ ఉన్నట్టుండి ఆపేస్తే ఇంతేనండి," అన్నాడు బావగారు నెమ్మదిగా.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఫోన్ అడిగాను. ఇవ్వలేదు. "దీని మీద ఖాతాదారులు చేస్తారు. మీ ఫోన్ గట్టు మీద ఎలా పడిందో అన్నయ్య చెప్పాడు," అంది. తర్వాత మగ్గం దగ్గర కూర్చుని, సూదిలోకి దారం ఎక్కిస్తూ, నా వంక చూడకుండా మాట్లాడింది.

"ఏవండీ, రేపు పదింటికి నేను మాట్లాడాలి. మీరు గెలవక్కర్లేదు. నెట్ వస్తే చాలు."

ఆవిడ గట్టిగా అరిచినా బాగుండేది. ఆ ఫ్రేము మీద చిన్న నెమలి సగం కుట్టి ఉంది, తణుకు వాళ్ళకి చూపించడానికి. నెమలి నెమలిలాగే ఉంది. ఎంత దూరం నుంచి చూసినా బాతు అనే అవకాశమే లేదు. వెంటనే బావగారి శాంపిళ్ళు తీసేసి, బ్యాగు భుజాన వేసుకుని ఏలూరు బస్సెక్కాను.

కాలవ పక్క కొట్టాయన నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కుర్చీ కూడా ముందే దుమ్ము దులిపి ఉంది.

"ఆ ముక్క ఉందాండి?" అన్నాను, అటుగా పోతూ గుర్తొచ్చినట్టు.

"ఉందండి. ఆరొందల యాభై."

"మొన్న ఊరికే ఇస్తానన్నారు!"

"మొన్న కొసరండి. ఇవాళ సరుకు."

ఈ మాట నేను అనాల్సింది. మా కొట్లో ఎన్నోసార్లు అన్నదే. ఎదుటివాడి నోట్లోంచి వింటే ఇంత మంటగా ఉంటుందని తెలియదు. రెండొందలు అన్నాను. ఆయన నవ్వాడు. సరే, ఆఖరి అస్త్రం. వెళ్ళిపోతున్నట్టు మెట్లు దిగాను. పిలుపు రాలేదు. నెమ్మదిగా నడిచాను. రాలేదు. కాలవ గట్టు దాకా వెళ్ళి, నీళ్ళు చూస్తున్నట్టు నిలబడ్డాను. అక్కడికి వినపడేంత గట్టిగా ఎవరూ ఎవర్నీ పిలవలేదు. నా అవసరం నా మొహం మీద అచ్చు వేసి అంటించినట్టుంది, పెద్ద షాపులో ధరలా. వెనక్కి వెళ్ళాను.

"వచ్చారా, రండి," అన్నాడాయన.

"పోనీ ఈ బ్యాగు తీసుకుని ఆ ముక్క ఇవ్వండి. ఒకదానికొకటి."

ఆయన బ్యాగు జిప్పు తీసి లోపలికి తొంగిచూసి, తల వెనక్కి తీసేసుకున్నాడు. బావగారి మేత శాంపిళ్ళు ఒక రాత్రంతా అందులో ఉన్నాయి. ఎండుచేప పొడి, తౌడు, నూనె చెక్క.

"ఏం పెట్టారండి ఇందులో?"

"మేత."

"ఎవరికి?"

"చేపలకి."

"ఉంచుకోండి బాబూ. అది మీకిచ్చేసిన కొసరు," అని జిప్పు తనే మూశాడు. ఆరొందల యాభై లెక్కపెట్టి ఇచ్చాను. ఎన్నో ఏళ్ళ తర్వాత చెప్పిన ధరకి కొన్న మొదటి వస్తువు అది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది. బ్యాగు మహిమ.

ఆదివారం తొమ్మిదిన్నరకి మా ఆవిడ పట్టుచీర కట్టుకుని బల్ల ముందు కూర్చుంది. నేను ముక్కని గుచ్చాను. డ్రైవర్ అడగలేదు, పాస్‌వర్డు అడగలేదు, తువ్వాలు లేదు, గీత లేదు. నీలం లైటు మినుకుమంది. మా రౌటరు పేరు తెర మీద ప్రత్యక్షమైంది. రెండు రోజులుగా నేను కాళ్ళు పట్టుకున్నా అవ్వని పని అది చిటికెలో చేసేసింది.

మా ఆవిడ నన్ను చూసి, ఆ ముక్కని చూసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

పదింటికి తణుకు నుంచి తల్లీ కూతుళ్ళు తెర మీదికి వచ్చారు. మా ఆవిడ డిజైన్లు ఒక్కొక్కటీ పెద్దగా చేసి చూపించింది. సగం కుట్టిన నెమలిని కెమెరా దగ్గరికి తెచ్చింది. "అమ్మా, నెమలే!" అంది పెళ్ళికూతురు. నేను తెరకి కనపడకుండా తలుపు వెనక నిలబడి వింటున్నాను. ధర మీద మాటలు నడిచాయి. మా ఆవిడ ఒక్క మెట్టు దిగింది, తణుకావిడ రెండు మెట్లు ఎక్కింది. అయిదు జాకెట్లకీ ఒప్పుకున్నారు. అప్పుడు ఆ తల్లి గొంతు సవరించుకుని, నాకు బాగా తెలిసిన ఆ మాట అంది.

"మరి కొసరు?"

"జాకెట్టు రంగులోనే, ఇదే జరీతో, పిల్ల జడకి చిన్న బిళ్ళ కుట్టి ఇస్తానండీ," అంది మా ఆవిడ, అరచేతిలో శాంపిల్ పెట్టి చూపిస్తూ.

"ఇదా? గోరంత ఉందమ్మా. ఇంకో జాకెట్టు వెయ్యి."

"జాకెట్టు వెయ్యలేనండీ."

పెళ్ళికూతురి తల్లి వెనక్కి వాలింది. ఆ వాలడం నాకు తెలుసు. అది మెట్లు దిగడం. ఆవిడ దిగిపోతోంది, మా ఆవిడ పిలవబోవడం లేదు. తలుపు వెనక నుంచి ఒక్క ఉదుటున కెమెరా ముందుకి వచ్చేశాను. లుంగీ మీద ఉన్నాను, భుజం దగ్గర చిల్లుపడ్డ బనీనుతో.

"అమ్మా, తీసుకోండమ్మా! చిన్న కొసరుని కాదనకండి! నా మాట వినండి, నేను నాశనమైపోయాను!"

"ఎవరమ్మా ఈయన?" అంది ఆవిడ భయంగా.

"మావారండీ," అంది మా ఆవిడ, తల తిప్పకుండా.

నేను ఆగలేదు. కాలవ పక్క కొట్టు, గోంగూర వీడియో, గోరంత ముక్క, బ్యాగు, టపాకాయ, గూడబాతులు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. బ్యాగు తెచ్చి కెమెరాకి చూపించాను కూడా. పెళ్ళికూతురు నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల పెట్టేసింది. తల్లి చాలాసేపు కొంగు అడ్డం పెట్టుకుంది.

"సరేలేమ్మా," అంది చివరికి కళ్ళు తుడుచుకుంటూ. "ఆ బిళ్ళే ఇవ్వు. బ్యాగు మాత్రం వద్దు." అడ్వాన్సు అప్పటికప్పుడే పంపింది.

కాల్ అయ్యాక, "చూశావా, నా వల్లే కుదిరింది," అన్నాను.

"మీ బేరం వల్ల కాదండీ. ఆ బనీను చూసి జాలిపడ్డారు," అంది. అని నవ్వింది. శుక్రవారం నుంచి అదే మొదటి నవ్వు.

అప్పుడు లాప్‌టాప్ తనంతట తానే చిన్న పెట్టె ఒకటి తెర మీద తెరిచింది. నెట్ వచ్చింది కదా, దాని ధైర్యం దానికి వచ్చింది. మీ లోపలి వైఫై కార్డుకి డ్రైవర్ దొరికింది, వెయ్యమంటారా అని అడుగుతోంది. వెయ్యమన్నాను. వేసింది. ఒకసారి ఆపి మళ్ళీ పెట్టి, ముక్క పీకేసి చూస్తే లోపలి కార్డు కొత్త పెళ్ళికొడుకులా లేచి కూర్చుని రౌటరుతో మాట్లాడుతోంది. ఇక ఆ ముక్కతో పనే లేదు. వెంటనే మా ఆవిడ ఫోన్ బతిమాలి తీసుకుని ఏలూరు చేశాను, వెనక్కి తీసుకుంటారా అని.

"గుచ్చారాండి?" అన్నాడాయన.

"ఒక్క గంటే."

"గుచ్చిన సరుకు తీసుకోమండి," అని, కొంచెం ఆగి, "బ్యాగు ఎలా ఉంది?" అని అడిగాడు.

సాయంత్రం మా ఆవిడ లెక్క చెప్పమంది. చెప్పాను. లాప్‌టాప్ తొమ్మిది వేల ఎనిమిదొందలు. గోరంత ముక్క ఆరొందల యాభై. రెండోసారి ఏలూరు వెళ్ళిన బస్సు, ఆటో, భోజనం కలిపి రెండొందల తొంభై. మొదటిసారి ఎలాగూ వెళ్ళాల్సిందే కనుక వెయ్యలేదు. కేబుల్ నూట ఎనభై. ఫోన్లో ఇరుక్కున్న మూతి తీయించడానికి మూడొందల యాభై. చెరువులో పడ్డ టపాకాయల డబ్బా మూడొందలు, బావగారు వద్దన్నా ఇచ్చాను, ఆయన రెండోసారి వద్దనలేదు. గట్టు మీద వాడిన డేటా తొంభై ఎనిమిది. రెండు రోజులు కొట్టు సరిగ్గా తియ్యనందుకు నా వాటాకి పోయింది పంతొమ్మిది వందలు. మొత్తం పదమూడు వేల ఐదొందల అరవై ఎనిమిది.

"పద్నాలుగు వేల కన్నా తక్కువే!" అన్నాను. "నాలుగొందల ముప్పై రెండు లాభం."

"బ్యాటరీ?" అంది.

బ్యాటరీ మర్చిపోయినట్టు నటించాను కానీ మర్చిపోలేదు. కొత్తది పదహారు వందలు. అది కలిపితే పదిహేను వేల నూట అరవై ఎనిమిది. అంటే ఏడాది వారంటీ ఉన్న పెద్ద షాపు లాప్‌టాప్ కంటే వెయ్యి నూట అరవై ఎనిమిది రూపాయలు ఎక్కువ. బ్యాగుకి విలువ కట్టబోయాను. ఆవిడ ముక్కు మూసుకుంది, సున్నా వేశాను.

"నూట అరవై ఎనిమిది కొట్టేసి, నష్టం వెయ్యి రూపాయలు అని రాసుకుందామా?" అని అడిగాను.

ఒప్పుకోలేదు. వెయ్యి నూట అరవై ఎనిమిది.